పద్దులో పేరు లేని తల్లి

ఫిబ్రవరి వచ్చిందంటే ఆమె కోసం మనమే బండి పంపిస్తాం. చర్ల, వెంకటాపురం, వాజేడు, ఏటూరునాగారం... గోదావరి ఒడ్డు పొడవునా మిరప పండితే కోయడానికి ఆమె చేతులు కావాలి. అదే మనిషి తొలకరికి అడవిలో నాలుగు జొన్నగింజలు చల్లుకుంటే, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మా అడవి నరికేస్తున్నారని అర్జీలు పెట్టేదీ, పత్రికల్లో రాసేదీ మనమే. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. ఆ ఒడ్డున భూమి ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఈ తప్పులో నా వాటా చిన్నది కాదు.

గొత్తికోయలు అంటాం వాళ్లను. 2005 జూన్‌లో ఇప్పటి బీజాపూర్ జిల్లాలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఊరు ఖాళీ చేసి రోడ్డు పక్క శిబిరంలో చేరమని జుడుం వాళ్లు, చేరితే ద్రోహులేనని మావోయిస్టు దళాలు. చేరనివాళ్ల ఇళ్లు తగలబడ్డాయి. ఆదివాసీ కుర్రాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకుని తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి ఆమె చంకన ఒక బిడ్డతో, చెయ్యి పట్టుకున్న ఇంకో బిడ్డతో ఇటు వచ్చి ఐదేళ్లు దాటింది. 2005 పత్తి తీతలకే ఆమె మా చేలల్లో ఉంది. భర్త ఆ మరుసటి వానాకాలం జ్వరంతో పోయాడు.

మిరప కోసే తల్లి చంటిబిడ్డకు పాలివ్వడం చూశారా? మధ్యాహ్నం పిల్ల ఏడిస్తే ఆమె గట్టు మీదికి వచ్చి ముందు చేతులకు మట్టి రాసి కడుక్కునేది. మళ్లీ రాసి మళ్లీ కడిగేది. చీర చెంగుతో తుడుచుకున్నాక కూడా పిల్లను వేళ్లతో ముట్టుకునేది కాదు. మోచేతుల మీదికి తీసుకుని, ముఖానికి చెయ్యి తగలకుండా పాలిచ్చేది. పక్కన సాలులో ఉన్నామె పిల్ల ఏడ్చినా తనే వెళ్లి అలాగే ఎత్తుకునేది. మేం చెట్టు నీడన కూర్చుని చూసేవాళ్లం. ఓ బిందె నీళ్లు, ఓ సబ్బుముక్క గట్టు మీద పెట్టించాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

వాళ్ల గుడిసెల గుంపుకు ఆమే పెద్ద దిక్కు. మన చేలల్లో తిరిగి తిరిగి తెలుగు నేర్చుకుంది కాబట్టి తహసీల్దారు ఆఫీసుకు వెళ్లాలన్నా, అంగన్‌వాడీలో గుడ్లు అడగాలన్నా ఆమెనే పంపేవాళ్లు. ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తోడి, ఊట ఊరేదాకా కూర్చుని, ముసలివాళ్ల ఇళ్లకు కూడా నీళ్లు మోసేది. తెల్లారకముందే ఇప్పపూలకు, మే నెలలో తునికాకుకు పోయేది. ఒకసారి ఓ ఆసుపత్రి వరండాలో నెలలు నిండిన పిల్లను పట్టుకుని నిలబడి ఉంది. చీటీ రాసేవాడు ఆధార్ అడిగితే లేదంది. “నువ్వు దానికేమవుతావే?” అన్నాడు. “మా గుంపు పిల్ల సారూ” అంది. చుట్టం కాదు, పక్కం కాదు. ఆ రోజు కూలి పోగొట్టుకుని, బాలింతకని గుడ్డలో కాసిని బియ్యం మూట కట్టుకుని వచ్చింది. ఆ వరండాలో మనవాళ్లం ఇరవైమందిమి ఉన్నాం. ‘ఏమవుతావే’ అనడమేమిటని అక్కడ ఒక్కరమూ అడగలేదు.

మా కూలి పుస్తకాలు ఇంకా అటక మీదే ఉన్నాయి. మొన్న తీసి చూశాను. మేస్త్రీ పేరు, పక్కన ‘మనుషులు 14’, ఇచ్చిన సొమ్ము, మేస్త్రీ వేలిముద్ర. ఏ ఏడు చూసినా అంతే. ఆమె పేరు ఎక్కడా లేదు.

ఆ పేరు రాసి ఉంటే ఏమయ్యేదో చెబుతాను. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13ను గడువుగా పెట్టుకుంది. ఆ తేదీకి ముందు చట్టవిరుద్ధంగా అటవీ భూమి నుంచి గెంటివేతకు గురైన ఆదివాసులకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలని అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఎం) ఉంది. అందరూ ఆ తేదీకి ముందే వచ్చారని అనను. చాలామంది 2006లో, 2007లో వచ్చారు. ముందే వచ్చినవాళ్లు ఎప్పుడొచ్చారో చూపించడానికి వాళ్ల దగ్గర కాగితం లేదు. కాలిన ఊళ్లలోంచి ఎవరు కాగితాలు పట్టుకొస్తారు? ఆ కాగితం ఉండగలిగింది ఒక్క మన దగ్గరే. మనం తలలు లెక్కపెట్టి ఊరుకున్నాం.

ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి కాబట్టి అక్కడ ఆదివాసి అయినామె ఇక్కడ ఏమీ కాకుండా పోయింది. ఈ గడ్డ మీద పుట్టిన ఆమె ఆఖరి పిల్లకూ కుల ధ్రువపత్రం లేదు. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి అడవిలో జలగలంచ గొత్తికోయ గూడెం ఇళ్లు కూల్చేస్తే మనకది లోపలి పేజీ వార్త. పోడు చేలల్లో హరితహారం కందకాలు తవ్వితే అడవి బతుకుతుందనుకున్నాం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం వచ్చింది. ఆ నేల మీదే కౌలని, బినామీ అని, పాత కాగితాలని చెప్పి సాగు చేసుకుంటున్న మనం, ఆమెను ఆక్రమణదారు అన్నాం.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో పేరూరు మిరప చేలనుంచి బీజాపూర్‌లోని తన ఊరికి కాలినడకన బయల్దేరిన పన్నెండేళ్ల పిల్ల ఇల్లు చేరబోతూ చనిపోయింది. పన్నెండేళ్ల పిల్ల చేత కాయ కోయించింది మన ఒడ్డే. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు.

2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారిని నరికి చంపారు. ఆ ఇంటి దుఃఖం ఎవరూ తీర్చలేనిది. చేసిన ఇద్దరు గొత్తికోయలకు కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. మనం మాత్రం కోర్టు కోసం ఆగలేదు. గొత్తికోయలంతా వెళ్లిపోవాలని తీర్మానం, టీవీల్లో చర్చలు. ఆ వారం ఆమె గుంపులో ఆడవాళ్లు సంతకు రావడం మానేశారని, ఉప్పు కూడా అయిపోయిందని తర్వాత తెలిసింది.

దారి లేక కాదు. మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ ఆదివాసులను ఉన్నచోటే స్థిరపరచడానికి 2020 జనవరిలో ఒప్పందం కుదిరింది. కేంద్రం 600 కోట్లు ప్రకటించింది. ఇంటి స్థలం, రేషన్, నెలనెలా భృతి అందులో ఉన్నాయి. అలాంటిది ఇక్కడా కావాలని కొన్ని హక్కుల సంఘాలు, కొద్దిమంది డాక్టర్లు, లాయర్లు గొంతు చించుకున్నారు. వాళ్ల వెనక మనం నిలబడలేదు.

అసలు అటవీ హక్కుల నిబంధనల ప్రకారం కాగితమే ఉండి తీరాలనీ లేదు. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమే. 2005 పత్తి తీతలకు ఎవరు వచ్చారో, ఏ వాగు పక్కన గుడిసెలు వేశారో మా ఊళ్లో అరవై దాటినవాళ్లకు బాగా గుర్తుంది. కదిపితే గంటలకొద్దీ చెబుతారు. వాళ్లలో ఒక్కరూ గ్రామసభలో లేచి ఆ మాట చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేదు.