ఓవెన్ గుండె, రేడియో గొంతు

పాలు వెచ్చబెట్టడం మానేసిన మైక్రోవేవ్ ఓవెన్‌ను పాత సామాన్లవాడు తూకం లెక్కన కొంటాడు. అమెచ్యూర్ రేడియో పిచ్చి ఉన్నవాడి లెక్క వేరు. ఖరగ్‌పూర్‌లో ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌నే తీసుకోండి. ఒకవైపు ఇంజనీరింగ్ విద్యార్థులు, మరోవైపు రైల్వే కొలువుల కోసం తరాల కిందట వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఉన్న ఊరది. పాడైన యంత్రాన్ని విప్పి చూడకుండా పారేయడం అలాంటి చోట కుదరని పని.

విప్పితే దొరికేది బరువైన ట్రాన్స్‌ఫార్మర్. గోడలోని 230 వోల్టులను అది సుమారు 2,000కు పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని రెట్టింపు చేసి మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. వాల్వులతో నడిచే రేడియో యాంప్లిఫయర్‌కూ కావలసింది వేల వోల్టులే. కొత్తగా చుట్టించాలంటే జేబు ఖాళీ. ఇక్కడ చెత్త ధరకే దొరుకుతోంది. ఆశ పుట్టదా మరి?

కానీ అది వంటింటి కోసం పుట్టిన సరుకు. ఇనుములో పొదుపు చేసి తయారు చేస్తారు కాబట్టి ఏ పనీ లేకున్నా వేడెక్కుతుంది, గుర్రుమంటుంది. సెకండరీ చుట్ట ఒక కొస ఇనుప కోర్‌కే కలిపి ఉంటుంది కాబట్టి మామూలు బ్రిడ్జి రెక్టిఫయర్ పెట్టడం కుదరదు. అందుకే కొందరు హామ్‌లు ఒకే రకం ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తెచ్చి, ఎదురెదురు ఫేజుల్లో కలిపి సుమారు 2,800 వోల్టుల డీసీ రాబడతారు. దాన్ని సరిగ్గా వడకట్టకపోతే మాట వెనుక హోరు వినిపిస్తుంది.

అసలు భయం హోరు గురించి కాదు. ఇంట్లోని ఎర్త్ లీకేజీ బ్రేకర్ ప్రైమరీ వైపు తేడానే పసిగడుతుంది. సెకండరీ వైపు మనిషి తగులుకుంటే దానికి తెలియదు. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. ఇవే ట్రాన్స్‌ఫార్మర్లతో చెక్క మీద మెరుపు గీతలు కాల్చే సరదా అమెరికాలో ఎందరి ప్రాణాలో తీసింది. అక్కడి చెక్క కళాకారుల సంఘం తన కార్యక్రమాల్లో దాన్ని నిషేధించింది.

ఇంత సాహసానికి దక్కేదెంత? వంద వాట్లను 400 చేస్తే అవతలి రిసీవర్ మీటరులో పెరిగేది ఒక్క గీత. చంద్రుడిని తాకించి మాట్లాడేవారికి ఆ గీతే ప్రాణం. మిగతావారికి ఎత్తున కట్టిన మంచి యాంటెన్నా మేలు. చెప్పడానికే కాదు, వినడానికీ అది పనికొస్తుంది. పైగా శక్తికి లైసెన్సు పెట్టిన హద్దు ఉండనే ఉంది. 2004 డిసెంబర్ 26న సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ అక్కడి క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేశారు. ఆ రోజు అక్కరకొచ్చింది సిద్ధంగా ఉన్న సామగ్రి, దాన్ని వాడడంలో చెయ్యి తిరిగిన మనిషి.

ఇన్వర్టర్ ఓవెన్లు వచ్చాక ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు ఎలాగూ తగ్గుతున్నాయి. ఈలోగా ఒకటి చేజిక్కిందా? కెపాసిటర్‌ను ఖాళీ చేయడం తెలిసిన పెద్ద హామ్ ఒకరు పక్కన కూర్చునేదాకా మూత బిగించే ఉంచండి.