గని పెంచితే లెక్క చెప్పొద్దా?

కొత్త బొగ్గు గనికి ప్రభావ నివేదిక రాయాలి, ప్రజాభిప్రాయ సభ పెట్టాలి. ఇది 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్. మరి ఉన్న గనినే పెంచితే? 40 శాతం పెంపుకు అనుమతి ఉన్న గనులు కొత్త నివేదిక, సభ లేకుండానే 50 శాతం దాకా పోవచ్చని 2022 మేలో కేంద్ర పర్యావరణ శాఖ సడలించింది. ఆర్నెల్లకేనన్నారు. పొగ ఆర్నెల్లకు పోతుందా?

టన్ను బొగ్గు కాలిస్తే టన్నుకు మించి బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అది కరెంటు కేంద్రం పద్దని గనివాళ్లు తప్పుకుంటారు. ఎండ మాత్రం మిరప ఏరే కూలీ నెత్తి మీదే. 2020 అక్టోబరు వానలకు ఇక్కడ పాతబస్తీలో హఫీజ్ బాబా నగర్ మునిగింది. ఒక్క వానను ఒక్క గనికి అంటగట్టలేం, నిజమే. అన్ని గనుల పొగా కలిపి లెక్కేయాలనేది అందుకే.

వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ పౌరుల హక్కని 2024లో సుప్రీంకోర్టే అన్నది. సింగరేణి ఓపెన్‌కాస్టు ఎంత పెంచినా ముందు పొగ లెక్క తెలుగులో రాసి ఊళ్లో చదివి వినిపించాలి. ఆ సభ నాట్ల రోజుల్లో పెట్టొద్దు.