నాలుగా... పదా?

బాగ్‌లింగంపల్లి, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో ఏ రీడింగ్ రూమ్‌లోకి తొంగిచూసినా కుర్రాళ్ల చేతుల్లో దాదాపు ఒకే రకం నోట్సు. దానం చేసిన ఊపిరితిత్తులను ఏ ఉష్ణోగ్రత వద్ద భద్రపరుస్తారని అడిగితే '4 డిగ్రీలు' అని టిక్ పెట్టేస్తాం. ఆ జవాబు ఇప్పుడు మారుతోంది. ఎందుకు మారుతోందో తెలుసుకుంటే మార్కులకే కాదు, ఉద్యోగానికీ పనికొస్తుంది.

రక్తం అందడం ఆగితే కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. చల్లబరిస్తే వాటికి ఆక్సిజన్ అవసరం బాగా తగ్గుతుంది. అందుకే ఊపిరితిత్తుల్లోకి చల్లని ద్రావణం పంపి, గాలి నింపి, సంచుల్లో భద్రంగా చుట్టి ఐస్‌ బాక్సులో పెడతారు. ఇలా సాధారణంగా 6 నుంచి 8 గంటలే ఆగొచ్చు. మరీ చల్లదనమూ చేటే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటుంది.

10 డిగ్రీలే మేలని జంతువులపై ప్రయోగాలు 1990ల మొదట్లోనే చెప్పాయి. కానీ ఐస్ ఎక్కడైనా దొరుకుతుంది, కదలకుండా 10 డిగ్రీలు నిలబెట్టే పెట్టె దొరకదు. అలవాటే నిలిచిపోయింది. టొరంటో పరిశోధకులు 2021లో పంది ఊపిరితిత్తులను 10 డిగ్రీల వద్ద 36 గంటలు కాపాడి చూపించారు. 2023లో టొరంటో, వియన్నా, మాడ్రిడ్ వైద్యులు 70 మంది రోగుల్లో ఈ పద్ధతి వాడారు. రాత్రి వచ్చిన ఊపిరితిత్తులను తెల్లవారేదాకా ఉంచి అమర్చినా ఫలితాలు బాగున్నాయి.

మన దగ్గర ఇప్పటికీ అంతా పరుగే. 2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు, 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు గుండెను మెట్రోలో తరలించారు. రెండోసారి 13 కిలోమీటర్లకు పట్టింది 13 నిమిషాలే. ఊపిరితిత్తులకైనా కొన్ని గంటలు కలిసొస్తే దూరపు జిల్లా దాత ఇచ్చినవి కూడా వృథా కావు. నిమ్స్ కేంద్రంగా 2013 నుంచి నడుస్తున్న జీవన్‌దాన్ కార్యక్రమం, ట్రాన్స్‌ప్లాంట్ ఆసుపత్రులు కలిసి ఇలాంటి పెట్టెలు సమకూర్చుకోవడంపై ఇప్పుడే ఆలోచించాలి.

పెట్టె వస్తే సరిపోదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. పెర్ఫ్యూజన్, అనస్థీషియా టెక్నాలజీల్లో బీఎస్సీ చేసినవాళ్లకు ఇక్కడ పని ఉంది. సెన్సర్లు, కూలింగ్ తెలిసిన బీటెక్, డిప్లొమా కుర్రాళ్లకూ ఉంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. అవయవ మార్పిడి ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ తప్పనిసరి. 2014 నిబంధనల ప్రకారం ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా ఆ ఉద్యోగానికి అర్హతే. సోషల్ వర్క్, సోషియాలజీ పీజీలకు ప్రాధాన్యం. దుఃఖంలో ఉన్న కుటుంబంతో ఓపిగ్గా మాట్లాడగలగడం ఈ ఉద్యోగంలో సగం పని.

గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడటం తప్పేం కాదు. ఆ ఎదురుచూపులోనే ఇలాంటి దారి ఒకటి వాకబు చేసి పెట్టుకోండి. మీ నోట్సులో '4 డిగ్రీలు' పక్కన ఒక ప్రశ్నార్థకం కూడా పెట్టండి.