అమ్మమ్మ తవ్విన గడ్డలు

సంపాదకులకు,

మగవాళ్ల వేటే మనిషిని మనిషిని చేసిందని గత సంచిక వ్యాసంలో రాశారు. ఇది 1966లో షికాగోలో జరిగిన ‘మ్యాన్ ది హంటర్’ సదస్సు నాటి మాట. మానవశాస్త్రవేత్తలు నాన్సీ టానర్, ఏడ్రియన్ జిల్‌మన్ 1976లోనే దీనికి జవాబిచ్చారు: తొలి పనిముట్లు గడ్డలు తవ్వే కర్రలూ, ఏరినవి మోసుకొచ్చే సంచులూ కావచ్చని. మరి అవి తవ్వకాల్లో దొరకవేం అంటారా? రాయి మిగులుతుంది, కర్ర పుచ్చిపోతుంది. దొరకనిదల్లా లేనట్టేనా?

స్త్రీలు స్త్రీల పక్షమే చూస్తారన్న ఆక్షేపణ కూడా చేశారు. (వేట సిద్ధాంతం ఎవరి పక్షమో!) సరే, పక్షాలు వదిలి తూకం చూద్దాం. మానవశాస్త్రవేత్త క్రిస్టెన్ హాక్స్ బృందం టాంజానియాలో వేట, సేకరణలతో బతికే హడ్జా తెగ పిల్లల్ని నిజంగానే తూచింది. అక్కడ గట్టినేలలో లోతుగా ఉండే గడ్డల్ని పెకలించడం పసివాళ్ల వల్ల కాదు. తల్లి ఒళ్లో చంటిబిడ్డ ఉన్న రోజుల్లో, పైపిల్లల బరువు అమ్మమ్మో నాయనమ్మో ఎంతసేపు తిండి సేకరించిందన్న దాన్నిబట్టి పెరిగింది. కాన్పులు ఆగాక కూడా స్త్రీలు దశాబ్దాలు బతకడానికి మూలం ఇక్కడుందని హాక్స్ వాదన. దానిపై చర్చ సాగుతూనే ఉంది, సాగాలి కూడా. వేట లేదని ఆమె అనలేదు. మీ వ్యాసమే ఈ ముసలమ్మల్ని లేకుండా చేసింది. వచ్చే సంచికలోనైనా వారికి చోటివ్వండి.