వాళ్ళ నాయనమ్మకి రక్షణ ఉందా?

బెంగుళూరులో నా రూమ్మేటు ఒకడు ఆర్సీఎం. వాళ్ళ నాన్న పెళ్ళికి ముందు జ్ఞానస్నానం తీసుకున్నాడు గానీ, నాయనమ్మ మాత్రం చివరిదాకా పోలేరమ్మకే మొక్కింది. ఆవిడ పోయిన రాత్రి వీడు నన్నడిగాడు: "మా నాయనమ్మకి రక్షణ లేనట్టేనా?"

నేను హిందువుని, నాకేం తెలుసు? కానీ ఆ ప్రశ్న వదల్లేదు, కూర్చుని చదివాను.

శ్రీసభ వెలుపల రక్షణ లేదన్న మాట మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్ దగ్గర్నుంచి వస్తోంది. ఆయన గొడవ సభ నుంచి చీలిపోయినవాళ్ళతో. 1442లో ఫ్లోరెన్స్ మహాసభ అన్యులూ, యూదులూ కూడా చచ్చేలోపు చేరకపోతే నరకమేనని తేల్చేసింది. ఆ లెక్కన నాయనమ్మ సంగతి అయిపోయినట్టే.

ఇక్కడే ఓ తమాషా ఉంది. బోస్టన్‌లో లెనర్డ్ ఫీనీ అనే ఫాదిరీ గారు ఈ పాత మాటనే అక్షరాలా పట్టుకుని ప్రచారం చేశాడు. అలా అర్థం చేసుకోకూడదని 1949లో రోము ఉత్తరం రాసింది. ఆయన వినలేదు, పిలిస్తే రోముకీ వెళ్ళలేదు. 1953లో ఆయన్నే వెలేశారు! 1972లో మళ్ళీ కలుపుకున్నారనుకోండి.

1964లో రెండో వాటికన్ మహాసభ స్పష్టంగానే చెప్పింది: తన తప్పేమీ లేకుండా క్రీస్తుని ఎరగనివాళ్ళు, మనస్సాక్షి ప్రకారం బతికితే, వాళ్ళకీ రక్షణ దొరకొచ్చు. అయితే ఆ రక్షణ కూడా క్రీస్తు నుంచి, సభ ద్వారానే వస్తుందట. అంటే ఫంక్షన్ పేరు మార్చలేదు, లోపల కోడు మార్చారు. మేం రోజూ ఆఫీసులో చేసే పనే.

నా మటుకు నాకు, "అప్పట్లో మేం కఠినంగా అన్నాం" అని ఒప్పేసుకుంటే బాగుండేది. మారలేదు, అర్థం వికసించింది అంటారు వాళ్ళు. ఫ్లోరెన్స్ మాటలు చదివాక నాకది మింగుడు పడలేదు. పైగా పోలేరమ్మ భక్తురాల్ని ఆవిడకి తెలియని సభ ఖాతాలో రాసుకోవడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

అయినా ఒక్క విషయంలో వాళ్ళని మెచ్చుకుంటాను. నరకమే అని తేల్చేసిన చోట ప్రార్థనకి పని లేదు. నవంబరు 2న, సమాధుల పండగనాడు, మా రూమ్మేటు నాయనమ్మ పేరు మీద కొవ్వొత్తి వెలిగించాడు. వాడి మతం వాడికి అడ్డం రాలేదు. నాకది చాలు.