తలుపు తట్టే మర్యాద తెరకు లేదా?

ఒకరి ఇంటికి వెళితే గుమ్మం బయట నిలబడి సలాం చెప్పాలి. లోపలి నుంచి పిలుపు వస్తేనే అడుగు పెట్టాలి. మూడుసార్లు అనుమతి అడిగినా జవాబు రాకపోతే మనసులో కష్టం పెట్టుకోకుండా వెనుదిరగాలి. దైవప్రవక్త ముహమ్మద్ (స) మనకు నేర్పిన మర్యాద ఇది. అలిఫ్, బేలతో పాటు మా మదర్సా పిల్లలకు మేము చెప్పే తొలి పాఠాల్లో ఇదీ ఒకటి. మరి ఈనాడు ప్రతి ఇంటిలోనూ ఉన్న సెల్‌ఫోనుకు ఈ మర్యాద ఎవరు నేర్పాలి?

మా కాట్రేనికోన ప్రాంతంలో జరిగిన ఒక సంగతి చెబుతాం. ఆ ఇల్లాలిని అడిగి, ఆమె సరేనన్న మేరకే ఆనవాళ్ళు లేకుండా రాస్తున్నాం. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఆయన పంపిన ఫోను ఇంటిల్లిపాదికీ ఒక్కటే. ఆమెకు రొమ్ములో గడ్డలాంటిది చేతికి తగిలింది. ఎవరికీ చెప్పుకోలేక, రాత్రి అందరూ పడుకున్నాక ఫోనులో ఆ జబ్బు గురించి వెదికింది. మర్నాడు మరిది క్రికెట్ స్కోరు చూద్దామని సెర్చ్ మీద వేలు పెట్టాడు. అంతే, ఆమె అడిగిన ప్రశ్నలన్నీ వరుసగా తెరపైకి వచ్చాయి. అతను ఏమీ అనలేదు. కాని ఆమె సిగ్గుతో కుంచించుకుపోయింది. వెదకడం మానేసింది. అమలాపురం వెళ్ళి డాక్టరుకు చూపించుకోవడానికి మరో రెండు నెలలు పట్టింది. అల్లాహ్ దయవల్ల అది ప్రమాదకరమైనది కాదని తేలింది. అదే ప్రమాదకరమైనదై ఉంటే?

తప్పు చేయనివారికి దాపరికం ఎందుకని కొందరు పెద్దలు వాదిస్తుంటారు. వారిని ఒక్క మాట అడుగుతున్నాం. ఆ ఇల్లాలు చేసిన తప్పేమిటి?

'హిస్టరీ చెరిపేస్తే పోతుంది కదా, హజ్రత్!' అన్నాడు మా దగ్గర చదివే కుర్రవాడు. మేమూ అలాగే అనుకున్నాం. తీరా చూస్తే, బ్రౌజరులో చెరిపినంత మాత్రాన గూగుల్ ఖాతాలో దాచిన జాబితా పోదు. దానిని 'మై యాక్టివిటీ' అనే మరోచోట చెరపాలి. వీధి తలుపు మూసుకుని, దొడ్డి తలుపు తెరిచి పెట్టుకున్నట్టుంది మన పరిస్థితి. ఇక 'ఇన్‌కాగ్నిటో'లో చూస్తే ఎవరికీ తెలియదని మన యువకుల నమ్మకం. ఉమ్మడి ఫోనులో ఇంటివారి కంట పడకుండా ఉండడానికి అది పనికి వస్తుంది. అంతవరకే. మనం చూసిన సైటుకూ, నెట్ ఇచ్చే కంపెనీకీ మన రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. ఈ విషయం మీదే 2020లో అమెరికాలో దావా పడింది. చివరకు 2024లో రాజీ కుదిరి, వందల కోట్ల రికార్డులను తుడిచివేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

అనుమతి అడిగే తీరు చూడండి. సైటు తెరవగానే నోటిఫికేషన్లు పంపమంటారా అని ఒకటి, మీరున్న చోటు చెప్పమంటారా అని మరొకటి. వద్దంటే కొన్నాళ్ళకు మళ్ళీ ప్రత్యక్షం. చాలాచోట్ల ఒప్పుకునే బటన్ పెద్దదిగా, రంగులో ఉంటుంది. కాదనే మాట ఎక్కడో చిన్న అక్షరాలలో ఉంటుంది. ఉర్దూలో మనం ఇజాజత్ అంటాం. మనసారా ఇచ్చినదే ఇజాజత్. విసిగించి రాబట్టుకున్నది జబర్దస్తీ.

మనం విసిగిపోతామని, సెట్టింగుల జోలికి పోమని కంపెనీలకు బాగా తెలుసు. ఫోన్లలో, బ్రౌజర్లలో తమ సెర్చే ముందుగా అమర్చి ఉండేందుకు గూగుల్ 2021 ఒక్క సంవత్సరంలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్టు అమెరికా కోర్టు విచారణలో వెల్లడైంది. మన బద్ధకానికి కట్టిన ధర అది! మన దేశంలోనూ ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆ కంపెనీకి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది.

కంపెనీలను మాత్రమే నిందించి లాభం లేదు. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు అందరికీ కనబడుతున్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం, మతం వారీగా వెదికే వీలు కూడా అందులో ఉంది. ఇల్లు కావాలని పేదవాడు ఇచ్చిన వివరాలు అమానత్. ఏ వీధిలో ఏ మతస్థుడు ఉన్నాడో మీట నొక్కి తెలుసుకునే వీలు కల్పించడం ఆ అమానత్‌ను కాపాడడం అవుతుందా?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని ఆ చట్టం అంటోంది. మంచిదే. కాని చదవకుండా నొక్కే తల్లిదండ్రుల సమ్మతి పిల్లలను ఏపాటి కాపాడుతుంది?

చివరగా మన ఇంటి మాట. ఇంట్లో పిల్లలు సైతం రోజులో మూడు వేళల్లో అనుమతి అడిగి పెద్దల గదిలోకి రావాలని నూర్ సూరా బోధిస్తోంది. ఒకే కప్పు కింద ఉన్నవారికే ఇంత కట్టుబాటు ఉంటే, కోడలి ఫోను చాటుగా తిరగేసే అత్తగారిని, చెల్లెలి హిస్టరీ తవ్వే అన్నను ఏమనాలి? చిన్నపిల్లలు ఏమి చూస్తున్నారో కనిపెట్టడం తల్లిదండ్రుల బాధ్యత. అది వారికి చెప్పి, వారి పక్కన కూర్చుని చేయవలసిన పని. పెద్దవారి తప్పులు ఏరడానికి చాటుగా కూపీ లాగడం తజస్సుస్. దానిని దివ్య ఖుర్‌ఆన్ వారించింది.

ఈ జుమా నాడు ఇషా నమాజు తరువాత ఒక్క అరగంట ఫోను ముందు పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చోండి. సైట్లకు ఇచ్చిన అనుమతులు ఒక్కొక్కటే చూసి, అక్కరలేనివి తీసేయండి. హిస్టరీని రెండుచోట్లా చెరపండి. ఖాతాలో అది దానంతట అదే చెరిగిపోయే ఏర్పాటు కూడా ఉంది, పెట్టుకోండి. చదువు రాని అమ్మీకి, నానీకి ఓపికగా చూపించండి. అప్పుడు మన ఇంట్లో మరో ఆడబిడ్డ తన జబ్బు గురించి తెలుసుకోవడానికి జంకదు.