దివిసీమలో రోగానికి ముందు నడిచేది అప్పు

ఎయిడ్స్ మాటెత్తగానే పెద్దమనుషులు ఆడవాళ్ళ నడత గురించి మాట్లాడతారు. దివిసీమ పల్లె నుంచి బందరుకో, గుడివాడకో చేరిన కూలి ఇంటి స్త్రీ ఊరెందుకు విడిచిందో మాత్రం అడగరు. మనం అడగాలి.

కాలువ చివరి ఊళ్ళలో ఆడకూలికి పని ఉండేది ఊడ్పులకీ, కోతలకీ, ఆ తర్వాత మినుము తీతకీ. కోతల్ని మిషన్ తినేసింది. వరిచేను రొయ్యల చెరువైన చోట ఊడ్పులే లేవు; చెరువుకి కాపలావాడు చాలు, ముఠా అక్కర్లేదు. మరి ఎండాకాలం గడిచేదెట్లా? వడ్డీ అప్పుతో. మొగుడు పోయినదో, వదిలేసినదో అయి, సెంటు భూమి లేకపోతే అప్పిచ్చేవాడి చూపే మారుతుంది. పట్నంలో పని ఇప్పిస్తాననే దళారీ సరిగ్గా అప్పుడే వస్తాడు. దీన్ని మేం కూలి సమస్య అంటాం.

నిరోధ్ వాడమంటున్నారు. తప్పకుండా వాడాలి. సర్కారు ఆస్పత్రిలో హెచ్‌ఐవి పరీక్ష ఉచితం, 2004 నుంచి మందులూ ఉచితమే. క్రమం తప్పకుండా మింగితే పనిపాటలు చేసుకుంటూ చాలాకాలం బతకొచ్చు. కాని తెల్లారితే వడ్డీ కట్టాల్సిన మనిషి, నిరోధ్ లేకుంటే రెట్టింపు ఇస్తానన్నవాణ్ణి ఏ బలంతో కాదంటుంది?

కలకత్తా సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా హెచ్‌ఐవి నివారణ పని మొదలుపెట్టారు. అక్కడి స్త్రీలు 1995లో ఉషా పేరిట సొంత సహకార సంఘం పెట్టుకున్నారు, వడ్డీ వ్యాపారి గుప్పిట్లోంచి బయటపడేందుకు. సత్ప్రవర్తన గలవారికే సభ్యత్వమన్న నిబంధన అడ్డొస్తే దాంతోనూ పోరాడారు. (మన సొసైటీల్లో బాకీలు ఎగ్గొట్టిన ఆసాముల సత్ప్రవర్తన ఎవరడిగారు గనక!)

ఇక పోలీసులు. నిరోధ్ దొరికితే దాన్ని నేరానికి సాక్ష్యంగా చూడరాదని 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించింది. స్టేషను భయం ఉన్నన్నాళ్ళూ నిరోధ్ సంచిలో పెట్టుకునేదెవరు? హెచ్‌ఐవి ఉన్నవారిపై పనిలోనూ, వైద్యంలోనూ వివక్షను నిషేధించిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి కూలిపేటల్లో చెప్పాల్సింది మనమే.

సంఘం కార్యకర్తలు ఈసారి పేటలకు వెళ్ళినప్పుడు ఒంటరి ఆడకూలీల అప్పుల లెక్క రాయండి: ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి. ఎవరినైనా నింద వేసి పొదుపు సంఘంలోంచి తీసేసి ఉంటే, ఆమెను వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్ళండి.